మేరీ రిచర్డ్స్ జీతం: హాస్య ధారావాహికలో స్త్రీల ఉద్యమ చరిత్ర

పరిచయం

అమెరికాలో 1960, 70 దశకాలలో సాగిన స్త్రీల ఉద్యమానికి చట్టాలు, సంఘాల తీర్మానాలు, ఊరేగింపుల వార్తలు ప్రధాన ఆధారాలని మీకు తెలుసు. ఈ భాగంలో మరో రకం ఆధారాన్ని పరిశీలిద్దాం. అది ఒక టెలివిజన్ హాస్య ధారావాహిక, అంటే సిట్‌కామ్. నవ్వించడానికి సృష్టించిన ఒక పాత్ర స్త్రీలకు ఆదర్శం ఎలా అయింది? అందులో చరిత్ర విద్యార్థికి పనికివచ్చేది ఏమిటి? ఈ రెండు ప్రశ్నలను మనసులో ఉంచుకొని చదవండి.

పాత్ర నేపథ్యం

'ది మేరీ టైలర్ మూర్ షో' 1970 సెప్టెంబరు నుంచి 1977 మార్చి వరకు సీబీఎస్‌లో ప్రసారమైంది. అందులో మేరీ రిచర్డ్స్ 30 ఏళ్ళ అవివాహిత. పెళ్ళి మాట దాటవేస్తూ వచ్చిన ప్రియుడిని వదిలి మినియాపొలిస్ నగరానికి వస్తుంది. అక్కడ ఒక చిన్న టెలివిజన్ కేంద్రం వార్తా విభాగంలో ఉద్యోగంలో చేరుతుంది. ఈ పాత్రను విడాకులు తీసుకున్న స్త్రీగా చూపాలని సృష్టికర్తలు జేమ్స్ ఎల్. బ్రూక్స్, అలన్ బర్న్స్ మొదట అనుకున్నారు. సీబీఎస్ ఒప్పుకోలేదు. విడాకులు పొందిన స్త్రీని కథానాయికగా చూపడానికి ఆనాటి టెలివిజన్ ఎంత జంకిందో దీన్నిబట్టి మీరు గ్రహించవచ్చు.

ఈ ధారావాహిక మొదలవడానికి కొద్ది వారాల ముందు, 1970 ఆగస్టు 26న, సమానత్వం కోరుతూ స్త్రీలు దేశవ్యాప్తంగా సమ్మె, ప్రదర్శనలు జరిపారు. అప్పటికి పెళ్ళికాని స్త్రీకి అప్పు నిరాకరించకుండా అడ్డుకునే సమాఖ్య చట్టం కూడా లేదు. అది 1974లో గాని రాలేదు. అటువంటి రోజుల్లో సొంత సంపాదనతో ఒంటరిగా బతికే స్త్రీని జాలిపడవలసిన మనిషిగా కాక మామూలు మనిషిగా చూపడమే ఒక కొత్త విషయం.

జీతం ప్రశ్న

మేరీ మొదట కార్యదర్శి ఉద్యోగం కోసం వస్తుంది. ఆ ఖాళీ భర్తీ అయిపోవడంతో పై అధికారి లూ గ్రాంట్ ఆమెకు సహ నిర్మాత పదవి ఇస్తాడు. హోదా పెద్దది, జీతం మాత్రం కార్యదర్శి జీతంకంటే వారానికి 10 డాలర్లు తక్కువ. మేరీ సంతోషంగా ఒప్పుకుంటుంది. ప్రేక్షకులు నవ్వుతారు.

1972లో ప్రసారమైన ఒక భాగంలో ఈ విషయం మళ్ళీ ముందుకు వస్తుంది. తనకు ముందు అదే పనిచేసిన వ్యక్తికి వారానికి 50 డాలర్లు ఎక్కువ ఇచ్చేవారని మేరీకి తెలుస్తుంది. కారణం అడిగితే, అతడు మగవాడని, కుటుంబాన్ని పోషించాలని గ్రాంట్ జవాబు చెబుతాడు. మేరీ ఆలోచించుకొని తిరిగివస్తుంది. అవసరాన్నిబట్టే జీతమైతే, ఇద్దరు పిల్లలున్నవాడికంటే ముగ్గురు పిల్లలున్నవాడికి ఎక్కువ ఇవ్వాలి కదా, మీరు అలా ఇవ్వడం లేదే అని వాదిస్తుంది.

ఈ సన్నివేశాన్ని చట్టంతో కలిపి చదవండి. సమాన వేతన చట్టం 1963లోనే వచ్చింది. సీనియారిటీ, ప్రతిభ, పని పరిమాణం, నాణ్యత వంటి కారణాలతో జీతాలలో తేడాను అది అనుమతించింది. కుటుంబ భారాన్ని అందులో పేర్కొనలేదు. అయితే కార్యనిర్వాహక, పరిపాలనా, వృత్తి నిపుణుల పదవులకు మొదట ఈ చట్టం వర్తించలేదు. 1972లో చేసిన సవరణతో ఆ మినహాయింపు తొలగింది. అంటే చట్టం మారిన ఏడాదే, చట్టానికి లొంగని పాత ఆలోచన ఆఫీసు గదిలో ఎలా మాట్లాడుతుందో ఈ హాస్యం చూపింది. మగవాడి జీతం ఇంటిని పోషించేది, ఆడదాని జీతం పైఖర్చులకు ఉపయోగపడేది అన్నదే ఆ ఆలోచన.

పరిమితులు

మేరీని తిరుగుబాటుదారుగా భావించడం పొరపాటు. తోటి ఉద్యోగులు అధికారిని 'లూ' అని పిలుస్తుంటే ఆమె మాత్రం 'మిస్టర్ గ్రాంట్' అంటుంది. 1972లోనే 'మాడ్' అనే మరో ధారావాహిక గర్భస్రావం వంటి వివాదాస్పద విషయాన్ని సూటిగా చర్చించింది. మేరీ అంత దూరం వెళ్ళదు. పైగా ఆమె శ్వేతజాతి మధ్యతరగతి స్త్రీ. నల్లజాతి స్త్రీలు, ఫ్యాక్టరీ కార్మికులు ఎదుర్కొన్న కష్టాలు ఆమె కథలో లేవు. అయినా, నల్లజాతికి చెందిన ఓప్రా విన్‌ఫ్రే వంటివారు మేరీ తమకు స్ఫూర్తి అని చెప్పుకున్నారు. చూసేవారు ఒక పాత్ర నుంచి తమకు కావలసినది తీసుకుంటారని దీన్నిబట్టి తెలుస్తుంది.

తెర వెనుక జరిగిన మార్పునూ గమనించండి. ఈ ధారావాహిక రచయితలలో ఒకరైన ట్రీవా సిల్వర్‌మన్ 1974లో హాస్య రచనకు ఎమ్మీ పురస్కారం అందుకున్నారు. స్త్రీ అనుభవాన్ని స్త్రీలే రాయడం పాత్రకు సహజత్వాన్ని ఇచ్చింది.

సారాంశం

ఆదర్శ పాత్ర అంటే లోపాలు లేని పాత్ర కాదు. మొదటి రోజు తక్కువ జీతానికి తల ఊపిన మేరీ, రెండేళ్ళకు కారణం అడగడం నేర్చుకుంది. చట్టం హక్కును ఇస్తుంది. దాన్ని అడగడానికి గొంతు పెగలడం వేరే చరిత్ర. శాసన గ్రంథాలలో కనిపించని ఆ రెండో చరిత్రకు మేరీ రిచర్డ్స్ వంటి పాత్రలు సాక్ష్యం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మేరీకి తక్కువ జీతం ఇవ్వడానికి గ్రాంట్ చెప్పిన కారణం ఏమిటి? ఆమె వాదనలోని తర్కాన్ని వివరించండి.
2. 1972 నాటి చట్ట సవరణ ప్రాముఖ్యం ఏమిటి?
3. హాస్య ధారావాహికను చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు ఎటువంటి జాగ్రత్తలు తీసుకోవాలి?