గోతె తిప్పి పంపిన పాట

1816 ఏప్రిల్‌లో వియన్నా నుంచి వైమార్‌లోని గోతెకు ఒక పొట్లం వెళ్లింది. అందులో ఆయన కవితలకు పందొమ్మిదేళ్ల ఫ్రాన్జ్ షూబర్ట్ కట్టిన పాటలు, మిత్రుడు యోసెఫ్ ఫన్ ష్పౌన్ వినయంగా రాసిన లేఖ ఉన్నాయి. పొట్లం తిరిగివచ్చింది, జవాబు రాలేదు. అలా తిరిగివచ్చిన పాటల్లో ‘ఎర్ల్‌క్యోనిగ్’ ఒకటి.

గోతెను రసహీనుడనడం తేలికే గాని న్యాయం కాదు. 1782 నాటి తన సంగీతనాటకంలో ఒక బెస్త పిల్ల పని చేసుకుంటూ పాడుకొనే పాటగా ఆయన ఈ కథాగేయాన్ని రాశాడు. చరణాలన్నిటికీ ఒకటే వరుస ఉండాలని, భావభేదాన్ని గాయకుడే గొంతులో చూపాలని ఆయన మతం. మన పల్లెల్లో కథాగేయాలు విన్నవారికి ఇది వింతగా తోచదు.

షూబర్ట్ 1815లో ఆ కట్టుబాటును తెంచాడు. రాత్రివేళ గుర్రంపై బిడ్డను పొదువుకొని పోతున్న తండ్రి, బిడ్డకు మాత్రమే వినిపించే మాయరాజు, కథకుడు: నలుగురినీ ఒకే గాయకుడు పలకాలి. పియానోపై కుడిచేయి ఒకే స్వరాన్ని మూడేసి దెబ్బలుగా, ఊపిరి తీసుకోనీయకుండా మోగిస్తుంది. అదే గుర్రపు పరుగు. మాయరాజు పలుకులు తియ్యని మేజర్ స్థాయిల్లో సాగుతాయి. అసలు భయం అక్కడే ఉంది. తండ్రిని పిలిచే బిడ్డ కేక పియానో స్వరానికి అర్ధస్వరం ఎడంలో ఒరుసుకుంటూ, పిలిచిన కొద్దీ పైకి పోతుంది. చివర గుర్రం ఆగుతుంది. బిడ్డ మరణవార్తను గాయకుడు దాదాపు మాటలాగే చెబుతాడు.

చిత్రమేమంటే, గోతెకు పంపిన ప్రతిలో ఆ మూడు దెబ్బల నడక లేదు. వాయించడానికి సులువుగా షూబర్ట్ దాన్ని రెండేసి దెబ్బలకు తగ్గించాడు.

1817లో లైప్జిగ్ ప్రచురణ సంస్థ బ్రైట్‌కోఫ్ ఉంట్ హెర్టెల్ ఈ పాటను డ్రెస్డెన్‌లోని మరో ఫ్రాన్జ్ షూబర్ట్‌కు పొరపాటున పంపింది. ఆ చర్చి సంగీతకారుడు, ఇంత నాసిరకపు రచన తనది కాదని మండిపడ్డాడు. చివరికి మిత్రులే ఖర్చు భరించి 1821లో తొలి ముద్రిత కృతిగా తెచ్చారు. ఆ మార్చిలోనే ప్రసిద్ధ గాయకుడు యోహాన్ మిఖాయెల్ ఫోగ్ల్ వియన్నా రంగస్థలంపై దాన్ని పాడాడు. షూబర్ట్ పేరు ఊరికి తెలిసింది ఆ పాటతోనే.

1830లో విల్హెల్మినె ష్రోడర్-డెవ్రియెంట్ వైమార్‌లో గోతె ఎదుట ఈ పాట పాడింది. మునుపు విన్నప్పుడు నచ్చని పాట ఈసారి తనకు కళ్లకు కట్టినట్టుందని ఎనభై ఏళ్ల కవి మెచ్చుకున్నాడు. షూబర్ట్ మరణించి అప్పటికి ఏడాది దాటింది.