కుష్టు వ్యాధి: కావలి తీరంలో అవగాహన, వెలివేత

కుష్టు వ్యాధి మైకోబాక్టీరియం లెప్రే అనే సూక్ష్మజీవి వల్ల చర్మానికీ నరాలకూ సోకే దీర్ఘకాలిక వ్యాధి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 6 నుంచి 12 నెలలు మందు వాడితే పూర్తిగా నయమవుతుంది. కానీ వ్యాధి నయమైన మనిషిని కూడా ఊరు చాలాకాలం రోగిగానే చూస్తుంది. కావలి ప్రాంతంలో ఈ వ్యాధి గురించి చెప్పుకోవలసినది ముఖ్యంగా ఆ చూపు గురించే.

కావలి శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో చెన్నై–విజయవాడ రైలు మార్గం మీద, 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న పట్టణం. తూర్పున తుమ్మలపెంట వంటి మత్స్యకార పల్లెలు, పడమట మెట్ట పొలాలు ఉన్నాయి. వల లాగే చేతులు, వంటపొయ్యి దగ్గరి చేతులు, ఇసుకలో నడిచే కాళ్లు ఇక్కడి జనానికి జీవనాధారం. కుష్టు మొదట దెబ్బతీసేది ఆ చేతుల్లో, కాళ్లలో ఉండే స్పర్శనే.

పేర్లు

తెలుగు పల్లెల్లో దీన్ని చాలాకాలం ‘పెద్దరోగం’ అన్నారు. పేరెత్తితే ఇంటికి అరిష్టమన్న భయమే ఆ మాట వెనుక ఉంది. వ్యాధి పేరు తిట్టుగానూ శాపనార్థంగానూ మారింది. అవినీతినో అన్యాయాన్నో ‘సమాజానికి పట్టిన కుష్టు’ అని రాసే అలవాటు పత్రికల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. చికిత్స పొందుతున్న మనిషి ఆ వాక్యం చదివితే తన గురించే అనుకుంటాడు. సూక్ష్మజీవిని 1873లో నార్వే వైద్యుడు గెర్హార్డ్ హాన్సెన్ గుర్తించడంతో దీనికి హాన్సెన్ వ్యాధి అనే పేరూ వచ్చింది. మనిషిని వ్యాధి పేరుతో పిలవకుండా ‘కుష్టు సోకిన వ్యక్తి’, ‘కుష్టు నయమైన వ్యక్తి’ అనడం మర్యాద.

వ్యాధి స్వభావం

ఈ సూక్ష్మజీవి ఒకటి రెండు కావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. అందుకే సోకిన తర్వాత లక్షణాలు బయటపడటానికి సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు పట్టవచ్చు. చికిత్స తీసుకోని రోగితో చాలాకాలం దగ్గరగా మెలిగినప్పుడు ముక్కు, నోటి తుంపరల ద్వారా ఇది సోకుతుంది. చేయి కలిపితే, పక్కన కూర్చుంటే, కలిసి తింటే అంటదు. వంశపారంపర్యంగానూ రాదు. నూటికి 95 మందికి దీన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది.

తొలి గుర్తు చర్మం మీద రంగు తగ్గిన, లేదా కాస్త ఎర్రబారిన మచ్చ. అది దురద పెట్టదు, నొప్పి పుట్టదు. తాకితే తెలియకపోవడమే దాని లక్షణం. జనం దాన్ని శోభి అనో తామర అనో అనుకుని పూతమందు రాసుకుంటారు. కొందరు బొల్లి అని భయపడతారు. బొల్లి మచ్చ మీద స్పర్శ ఉంటుంది, అది అంటువ్యాధీ కాదు. అయినా దానికి కుష్టుతో ముడిపెట్టి, బొల్లి ఉన్నవారినీ దూరం పెట్టడం మన సమాజం చేసిన మరో అన్యాయం.

వేళ్లు వ్యాధి వల్ల ఊడిపోతాయన్నది అపోహ. నరం దెబ్బతిన్న చేతికి నొప్పి తెలియదు. కాలిన గిన్నె పట్టుకున్నా, తాడు ఒరుసుకుని పుండు పడినా ఆ చేతిని వెనక్కి తీసుకోవాలనిపించదు. పుండు ముదిరి ఎముక దాకా పోతుంది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ ఈ సంగతిని నిరూపించి, వంకరపోయిన వేళ్లను శస్త్రచికిత్సతో తిరిగి పనికి తెచ్చాడు. అంటే వైకల్యం చాలావరకు ఆలస్యం వల్ల, చిన్న గాయాలను పట్టించుకోకపోవడం వల్ల వచ్చేదే.

వెలివేత మూలాలు

కృష్ణుడి కొడుకు సాంబుడు శాపవశాన కుష్టు పాలై, సూర్యారాధనతో బాగుపడ్డాడన్న పురాణగాథ దేశమంతటా ఉంది. చర్మవ్యాధులు పోవాలని అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకునేవారు నేటికీ ఉన్నారు. ఆ మొక్కు మనిషికి ధైర్యమిస్తుంది. అయితే వ్యాధి పాపఫలం అన్న భావమూ అలాంటి కథల నుంచే బలపడింది. తమిళం నుంచి వచ్చి, నాగభూషణం నటనతో తెలుగునాట ఊరూరా ఆడిన ‘రక్తకన్నీరు’ నాటకంలో వ్యసనపరుడైన నాయకుడికి చివరికి పట్టేది ఈ వ్యాధే. చెడు తిరుగుళ్ల వల్ల కుష్టు వస్తుందన్న నమ్మకం జనంలో నాటుకోవడానికి అటువంటి కథలూ కారణమే. నిజానికి ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదు.

చట్టమూ ఇదే దారిన నడిచింది. 1898 నాటి కుష్టురోగుల చట్టం నిరుపేద రోగులను పట్టుకుని ఆశ్రమాల్లో ఉంచే అధికారం ఇచ్చింది. ఇల్లూ ఊరూ వదిలి వెళ్లినవారు బతుకుతెరువు కోసం రైల్వే స్టేషన్లను, గుడి మెట్లను ఆశ్రయించారు. ఆ దృశ్యమే జనం మనసులో వ్యాధికి రూపంగా నిలిచిపోయింది.

వైద్యం, సంస్థలు

తెలుగు ప్రాంతాల్లో చికిత్స మిషనరీ ఆసుపత్రులతో బలపడింది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో నెలకొల్పిన ఆసుపత్రి, సాలూరులోని ఫిలడెల్ఫియా ఆసుపత్రి వీటిలో ముఖ్యమైనవి. నూనె సూదిమందుల కాలం పోయి, 1940ల్లో డాప్సోన్ వచ్చాక రోగిని బంధించవలసిన అవసరం తీరింది. బెల్జియం వైద్యుడు ఫ్రాన్స్ హెమరిక్స్ 1955లో చెంగల్పట్టు ప్రాంతంలోని పోలంబాక్కంలో చెట్ల నీడన వైద్యశిబిరాలు మొదలుపెట్టాడు. రోగిని ఇంటికి దూరం చేయకుండా మందే ఊరికి వెళ్లాలన్నది ఆయన పద్ధతి. నెల్లూరు పట్టణంలో డామియన్ ఫౌండేషన్ కుష్టు, క్షయ వ్యాధుల కేంద్రాన్ని నడిపింది.

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స పరిస్థితిని మార్చేసింది. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ కలిపి ఇచ్చే ఈ చికిత్స మొదలైన కొద్దిరోజులకే రోగి నుంచి ఇతరులకు సోకే అవకాశం దాదాపు పోతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మందులు ఉచితం. క్లోఫాజిమిన్ వల్ల ఒళ్లు నల్లబడటం తాత్కాలికమే. అయితే నలుగురూ అడుగుతారన్న భయంతో ఈ దశలోనే మందు మానేసేవారున్నారు. ఈ విషయాన్ని మొదటి రోజే విడమరచి చెప్పడం వైద్య సిబ్బంది బాధ్యత.

దాచుకోవడం, దాని ఫలితం

మచ్చ కనిపించినా చాలామంది వెంటనే ఆసుపత్రికి వెళ్లరు. ఆశా కార్యకర్త తమ వీధి మనిషే కావడం ఒక్కోసారి మేలు, ఒక్కోసారి అడ్డంకి. ‘ఊరంతా తెలిసిపోతుందేమో’, ‘పిల్ల పెళ్లి ఏమవుతుంది’ అన్న ఆలోచన ముందుకొస్తుంది. కొత్త కోడలు అత్తింట్లో మచ్చను చీరకొంగు మాటున దాస్తుంది. రోజు కూలీ చేసే మనిషి పని పోతుందని చెప్పడు. ఇలా భయం దాపరికానికి, దాపరికం ఆలస్యానికి, ఆలస్యం వైకల్యానికి దారి తీస్తాయి. ఆ వైకల్యాన్ని చూసి మరో ఇంట్లో భయం పుడుతుంది. ఈ చుట్టు తెగాలంటే స్పర్శ లేని మచ్చ దగ్గరే తెగాలి.

అవగాహన కార్యక్రమాలు

గాంధీజీ వర్ధంతి అయిన జనవరి 30ని దేశంలో కుష్టు వ్యతిరేక దినంగా పాటిస్తారు. సేవాగ్రామ్‌లో కుష్టు సోకిన పర్చురే శాస్త్రికి ఆయన స్వయంగా పుండ్లు కడిగి సేవ చేశారు. కుష్టురోగుల సేవను తన నిర్మాణ కార్యక్రమంలో చేర్చారు. 2017 జనవరి 30న మొదలైన ‘స్పర్శ్’ ప్రచారంలో గ్రామసభల్లో ప్రతిజ్ఞ చేయిస్తారు, వ్యాధి గురించి వివరిస్తారు. ఇంటింటి సర్వేలో ఆశా కార్యకర్తలు మచ్చలున్నవారిని గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపుతారు. రోగితో మెలిగేవారికి ముందుజాగ్రత్తగా ఒకే మోతాదు రిఫాంపిసిన్ ఇవ్వడం కూడా జాతీయ కార్యక్రమంలో భాగం. స్పర్శ పోయిన పాదాలకు మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు (ఎంసీఆర్) చెప్పులు ఇస్తారు.

గోడపత్రాలపై వంకర చేతుల బొమ్మలు వేస్తే జనం మరింత బెదురుతారు. మందు వాడి కోలుకుని, మళ్లీ పనిలోకి వెళ్లిన మనిషి నలుగురి ముందు మాట్లాడితే ఆ మాటకు విలువ ఎక్కువ. అలా మాట్లాడాలో వద్దో మాత్రం ఆ మనిషి ఇష్టం.

చట్టం, హక్కులు

1898 చట్టం 2016లో రద్దయింది. అదే ఏడాది వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం కుష్టు నయమైనవారికి గుర్తింపునిచ్చింది. కుష్టును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను 2019లో వ్యక్తిగత చట్టాల సవరణ తొలగించింది. ఆంధ్రప్రదేశ్‌లో వ్యాధి వల్ల బహుళ వైకల్యం కలిగినవారికి 2024 నుంచి నెలకు రూ.6,000 పింఛను అందుతోంది.

ప్రస్తుత స్థితి

పది వేల మందికి ఒక్కరి కన్నా తక్కువ రోగులు అన్న లక్ష్యాన్ని భారతదేశం 2005 చివరికి చేరుకుంది. దాన్ని చాలామంది ‘కుష్టు పోయింది’ అని అర్థం చేసుకున్నారు. కానీ ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా, అంటే లక్షకు పైగా, ఇప్పటికీ మన దేశంలోనివే. కొత్తగా గుర్తించినవారిలో అప్పటికే కంటికి కనిపించే వైకల్యం ఉన్నవారెందరో లెక్కిస్తే, జనం ఎంత ఆలస్యంగా వస్తున్నారో తెలుస్తుంది. తుమ్మలపెంటలోనైనా కావలి వీధుల్లోనైనా, మచ్చ చూసిన రోజునే ఒక మనిషి వెరపు లేకుండా ‘ఇది ఏమిటో చూడమ్మా’ అని ఆశా కార్యకర్తను అడగగలిగితే ఆ చేతివేళ్లు నిలుస్తాయి.