చట్టం వద్దనలేదు, ఫారం ఒప్పుకోలేదు

మొన్న టీ తాగుతూ ఆఫీసు మిత్రుడొకడితో వాదన పడింది. "ట్రాన్స్‌జెండర్లకి అబార్షన్ అందట్లేదని గోల చేస్తున్నారు. అసలు వాళ్ళకి గర్భం ఎలా వస్తుందోయ్?" అన్నాడు. వాణ్ణి తప్పు పట్టలేను. మనలో చాలామందికి ఆ మాట వినగానే హిజ్రాలే గుర్తొస్తారు. కానీ ఆడపిల్లగా పుట్టి, పెద్దయ్యాక మగవాడిగా బతికేవాళ్ళూ ఉన్నారు. గర్భసంచి తీయించుకోని ట్రాన్స్ పురుషుడికి గర్భం రావచ్చు. 2023 ఫిబ్రవరిలో కోజికోడ్‌లో ఒకతను బిడ్డని కన్నాడు కూడా.

"సరే, చట్టం వద్దనలేదుగా? ఇంక అడ్డేంటి?" అన్నాడు మావాడు. ఇది మాత్రం మంచి ప్రశ్నే. జవాబు కోసం కాస్త వెనక్కెళ్ళాలి.

1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 312వ సెక్షన్ ప్రకారం, తల్లి ప్రాణం కాపాడ్డానికి తప్ప గర్భస్రావం చేయడం నేరంగా ఉండేది. 1964లో శాంతిలాల్ షా కమిటీని వేశారు. దాని సిఫారసుల మీద 1971లో ఎంటీపీ చట్టం చేసి, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలు పెట్టారు. మనం గమనించనిదేంటంటే, ఇది గర్భవతికి హక్కు ఇచ్చిన చట్టం కాదు. ఫలానా పరిస్థితుల్లో, ఫలానా చోట చేస్తే నేరం కాదని డాక్టరుకి ఇచ్చిన మినహాయింపు. ఆ మినహాయింపు ఎవరి గర్భం గురించి? "స్త్రీ" గర్భం గురించి. అప్పట్లో ఆ మాటకి ఇంకో అర్థం ఉండొచ్చని ఎవరూ అనుకోలేదు.

2014 ఏప్రిల్ 15న నాల్సా కేసులో సుప్రీంకోర్టు, ఎవరి జెండర్ వాళ్ళే చెప్పుకోవచ్చంది. 2019లో వచ్చిన చట్టం తన నిర్వచనంలో ట్రాన్స్ పురుషుణ్ణి పేరు పెట్టి చేర్చింది. మంచిదే. కానీ చిక్కు చూడండి... కాగితాల మీద పురుషుడయ్యాక, "స్త్రీ" అని రాసున్న చట్టంలో అతనెక్కడ?

2021లో ఎంటీపీ చట్టాన్ని సవరించారు. గర్భనిరోధక సాధనం విఫలమైన సందర్భంలో "వివాహిత, ఆమె భర్త" అని ఉన్నచోట "ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి" అని మార్చారు. అంత చిన్న మార్పుకి యాభై ఏళ్ళు పట్టింది! "స్త్రీ" మాత్రం అలాగే ఉండిపోయింది.

తర్వాతి ఏడాది, పెళ్ళికాని పాతికేళ్ళ అమ్మాయి ఒకామె 22 వారాల గర్భంతో ఢిల్లీ హైకోర్టుకి వెళ్తే కాదన్నారు. సుప్రీంకోర్టు 2022 జులై 21న ఒప్పుకుంది. సెప్టెంబరు 29న జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం పూర్తి తీర్పు ఇస్తూ, 24 వారాల సౌకర్యం పెళ్ళికానివాళ్ళకీ వర్తిస్తుందంది. అదే తీర్పులో ఇంకో మాట కూడా చెప్పింది. తాము "స్త్రీ" అన్నప్పుడు, సురక్షిత గర్భస్రావం అవసరమయ్యే ఇతర జెండర్లవాళ్ళూ అందులో ఉన్నట్టేనని.

కాబట్టి "చట్టమే ట్రాన్స్ పురుషులకి అబార్షన్ నిషేధించింది" అనేవాళ్ళ మాట తప్పు. అయితే "ఇంక అడ్డేం లేదు" అనే మావాడి మాట కూడా తప్పే.

తీర్పు వచ్చినంత మాత్రాన ఫారాలు వాటంతట అవి మారవు కదా. 2003 నిబంధనల్లోని సమ్మతి పత్రంలో పేరు తర్వాత ఉన్నది "కుమార్తె/భార్య". ఆధార్‌లో పురుషుడని ఉన్న మనిషి అక్కడ ఏం కొట్టేయాలి? నా సంగతే చెప్తాను. చాలా ఏళ్ళ క్రితం ఒక ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌కి పనిచేశాను. పేషెంటు "పురుషుడు" అయితే గర్భానికి సంబంధించిన గళ్ళన్నీ మూసేసే కోడు రాసింది నేనే. డేటాలో తప్పులు రాకుండా కాపాడానని మురిసిపోయాను కూడా. ఎవరూ వద్దనలేదు, ఎవరూ ద్వేషించలేదు. రెండు లైన్ల కోడు, అంతే!

అలా తిప్పి పంపిన ప్రతిరోజూ లెక్కలోకొస్తుంది. టెస్టోస్టిరాన్ వాడేవాళ్ళకి నెలసరి ఆగిపోవచ్చు, కానీ అది గర్భనిరోధకం కాదు. అందుకని గర్భం సంగతి ఆలస్యంగా తెలిసే అవకాశం ఉంది. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. ఆ తర్వాత 24 దాకా ఇద్దరు కావాలి, అదీ కొన్ని వర్గాలవాళ్ళకే. కౌంటర్ దగ్గర వాదించుకుంటూ కూర్చుంటే గడువు ఆగుతుందా?

"అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారులే" అన్నది మావాడి ఆఖరి అస్త్రం. పురుషుడని రాస్తే తీసుకోని రిజిస్టర్లో వెతికితే సున్నాయే కనిపిస్తుంది. నేను రాసిన కోడు ప్రకారం కూడా సున్నాయే.

ఇది వాళ్ళ గొడవే అనుకోకండి. పెద్దవయసు స్త్రీకి తన సమ్మతి చాలని చట్టం మొదట్నుంచీ చెప్తున్నా, భర్త సంతకం తెమ్మనే ఆసుపత్రులున్నాయి. చట్టంలో లేని షరతు కౌంటర్ దగ్గర పుడుతుంది. ఆ కౌంటర్ వెనకాల మనలాంటివాడు రాసిన ప్రోగ్రామే ఉంటుంది.

మీరు ఇలాంటి ఫారాలు తయారుచేసేవాళ్ళయితే ఒకసారి తెరిచి చూడండి.