కుంచానికి పదహారు సోలలు

కళ్లంలో కుంచమనే కొలపాత్రతో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని "ఒకటి" అనేవారు కాదు, "లాభం" అనేవారు. ఆ తరువాతే రెండు, మూడు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తరాలపాటు ఇంటి గింజలన్నీ ఈ కుంచం కిందికే వచ్చాయి. కుంచంలో సగం అడ్డ. అడ్డలో సగం మానిక, అందులో సగం తవ్వ, తవ్వలో సగం సోల, సోలలో సగం అరసోల, అరసోలలో సగం గిద్ద. కుంచం పరిమాణం ఊరూరికీ మారినా సగాల వరుస మారదు. కుంచానికి ఎప్పుడూ పదహారు సోలలే, అరవై నాలుగు గిద్దలే.

సగాలే ఎందుకు? గింజల రాశిని రెండు సమాన కుప్పలు చేయడానికి కంటిచూపు చాలు. పది సమాన కుప్పలు చేయాలంటే తంటాలు పడాలి.

డబ్బుదీ అప్పట్లో ఇదే దారి. రూపాయికి పదహారు అణాలుండేవి. రూపాయిలో సగం అర్ధరూపాయి, అందులో సగం పావలా, అందులో సగం బేడ. భిన్నాల్లో పదహారో వంతు వీసం, అరవై నాలుగో వంతు కాణి. పాత తెలుగు లెక్కల్లో వీటిని రాయడానికి విడిగా గుర్తులుండేవి. పావులను నిలువు గీతలతో, పావులో పావులైన వీసాలను అడ్డగీతలతో రాసేవారు. గీత ఎటు తిరిగి ఉందో చూస్తే అది ఏ స్థానంలోని అంకో తెలిసిపోయేది.

ఇప్పుడు పైథాన్‌లో ప్రోగ్రాం రాసే విద్యార్థి ముందు ఈ లెక్కే మరో వేషంలో నిలబడుతుంది. హెక్సాడెసిమల్ పదహారు మీద నడిచే లెక్క. తొమ్మిది దాటాక అంకెలు చాలవు గనుక ఎ నుంచి ఎఫ్ దాకా ఆరు అక్షరాలను కలుపుకుంటుంది. సంఖ్యను సున్నాలు, ఒకట్లుగా రాసిన బిట్లను ఎడమకు ఒక స్థానం జరిపితే సంఖ్య రెట్టింపవుతుంది. కుడికి జరిపితే సగమవుతుంది, సగం కాగా మిగిలిన ఒకటి రాలిపోతుంది.

53 సోలల బియ్యం ఉన్నాయనుకుందాం. బిట్లను కుడికి నాలుగు స్థానాలు జరపమని 53 >> 4 అని రాస్తే 3 వస్తుంది, అవి కుంచాలు. 53 & 15 అంటే చివరి నాలుగు బిట్లనే ఉంచడం; వచ్చేది 5, అవి మిగిలిన సోలలు. 53ను హెక్సాలో రాస్తే 35. మూడు కుంచాల అయిదు సోలలని అందులోనే కనిపిస్తుంది. అదే సంఖ్య బిట్లలో 110101. రెండేసి బిట్లు విడదీస్తే 11, 01, 01. మూడు కుంచాలు, ఒక మానిక, ఒక సోల అన్నమాట. కొలిచే మనిషి నోటితో చెప్పే వరుస సరిగ్గా ఇదే.

పైకి వెళితే ఈ వరుస తెగుతుంది. నాలుగు కుంచాలు తూము, అక్కడిదాకా బాగానే ఉంది. పుట్టికి మాత్రం ఇరవై తూములు. ఇరవై అనే సంఖ్య రెట్టింపుల వరుసలో లేదు గనుక అక్కడ బిట్లు జరిపి లాభం లేదు, భాగహారం చేయాల్సిందే.

1957 ఏప్రిల్ 1న రూపాయి నూరు నయాపైసలుగా మారింది. 1956 నాటి చట్టంతో వచ్చిన మెట్రిక్ కొలతలు క్రమంగా కుంచాన్ని అంగడిలోంచి తప్పించాయి. దానితోపాటే భిన్నాల గుర్తులూ వాడుకకు దూరమయ్యాయి.

ఆ గుర్తులకు మళ్లీ చోటు దొరికింది, కంప్యూటర్లో లిపుల అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో. అక్కడ తెలుగుకు కేటాయించిన గడులు 128, హెక్సాలో 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా. విజయనగరంలోని 'వ' 0సి35 గడిలో ఉంటే, శ్రీకాకుళంలోని 'శ' పక్కనే 0సి36లో ఉంది. ఈ వరుసలోని ఏ గడి సంఖ్యనైనా కుడికి ఏడు స్థానాలు జరిపితే 24 వస్తుంది. ఒక అక్షరం తెలుగుదా కాదా అని ప్రోగ్రాం తేల్చుకోవడానికి ఆ ఒక్క లెక్క చాలు.

2008 ఏప్రిల్‌లో వచ్చిన యూనికోడ్ 5.1 ఈ వరుస చివరి ఎనిమిది గడులనూ పాత లెక్కలకే ఇచ్చింది. మొదటి ఏడింటిలో భిన్నాల గుర్తులు చేరాయి. చిట్టచివరి గడి, 0సి7ఎఫ్, తూముది: ౿.