పక్క సందులో మెట్లు

చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో ఆడిన నాగయ్య సినిమాకి పోయినట్టే, మన దగ్గర నాటకం హాళ్ళు కూడా సినిమా హాళ్ళయ్యాయి. ఈ వారం దానికి తిరగేసిన కథ. ఊరు అట్లాంటా. మన తిరుపతి పిల్లలు ఎమ్మెస్ చదవడానికి పోయే అమెరికాలోదే.

ఫాక్స్ థియేటర్. యారాబ్ టెంపుల్ ష్రైనర్లనే సంఘం తన కోసం కట్టడం మొదలుపెట్టింది. డబ్బు చాలక హాలును విలియం ఫాక్స్ సినిమా కంపెనీకి లీజుకిచ్చింది. 1929 డిసెంబర్ 25న తెరిచారు, షేర్ మార్కెట్ కూలి రెండు నెలలే. 4,600కి పైగా సీట్లు. బయట మసీదు గుమ్మటాలు, లోపల ఈజిప్టు బొమ్మలు, కప్పు మీద నీలాకాశం, మినుకుమనే చుక్కలు.

ఆ చుక్కల కింద నల్లవాళ్ళు ఎక్కడ కూర్చున్నారు? పీచ్‌ట్రీ వీధిలోని పెద్ద ద్వారం తెల్లవాళ్ళది. నల్లవాళ్ళకి పక్కనున్న పోన్స్ డి లియోన్ వైపు వేరే టికెట్టు కిటికీ, గోడ బయట మెట్లు, అన్నిటికన్నా పైన గ్యాలరీ. డబ్బు పడే గల్లా మాత్రం ఒకటే. కొన్ని హాళ్ళలో అసలు రానిచ్చేవాళ్ళే కాదు, ఇదే నయం అనేవాళ్ళున్నారు. నయమే మరి, మనోళ్ళకి పైనుంచి దోసిట్లో నీళ్ళు పోయడం నయమైనట్టు.

మన నేల టికెట్టు వేరే కదా, అది డబ్బు గీసిన గీత కదా అంటారు. డబ్బుంటే కుర్చీకి పోవచ్చు, నిజమే. కానీ టూరింగ్ టాకీసులో నేల మీద కూడా మాలమాదిగలది ఒక మూల, ఊరిది ఒక మూల అని మా నాయన చెప్పేవాడు. రాజ్యాంగం 15(2) అధికరణలో దుకాణాలు, హోటళ్ళ పక్కన వినోద స్థలాలు అని విడిగా రాసింది ఊరికే కాదు. 1955 అంటరానితనం చట్టంలోనూ ఆ మాటుంది. తీసి చదవండి, పరీక్ష కోసం కాదు.

అట్లాంటా హాళ్ళలో ఈ అడ్డుగోడ 1962లో పడింది. తర్వాత తెల్లజనం శివార్లకి పోయారు, ఊరి మధ్య హాలు ఖాళీ అయింది. 1975 జనవరిలో సినిమాలు ఆగాయి. సదరన్ బెల్ టెలిఫోన్ కంపెనీ తన ఆఫీసు కోసం ఆ స్థలం అడిగింది. కూల్చొద్దని ఊరు లేచింది. అట్లాంటా ల్యాండ్‌మార్క్స్ అనే సంస్థ అప్పు తెచ్చి కొనేసి, 1978కల్లా తీర్చింది. ఇప్పుడక్కడ కచేరీలు, బ్రాడ్‌వే నాటకాలు.

హాలుతో పాటు ఆ పక్క మెట్లూ మిగిలాయి. నాకు ముఖ్యమైంది అదే. చుక్కల కప్పును కాపాడేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు.

మన దగ్గర పాత హాళ్ళు కల్యాణ మండపాలు, కాంప్లెక్సులు అయిపోతున్నాయి. ఎవరు ఏ మూల కూర్చున్నారో ఏ గోడ మీదా లేదు. ఆదివారం ఇంటికి పోయినప్పుడు మీ అవ్వను అడగండి. ఏ ఊరు, ఏ టాకీసు, ఏ మూల అన్నది ఆమె మాటల్లోనే రాసి పెట్టండి.