కాల్‌బైశాఖి: బెంగాల్ వేసవి గాలివానలు

మార్చి నుంచి మే వరకు బెంగాల్‌ను సాయంత్రాల్లో కుదిపేసే ఉరుముల గాలివానలే కాల్‌బైశాఖి. చోటానాగపూర్ పీఠభూమి పగలంతా కాగుతుంది. బంగాళాఖాతపు తేమగాలి అక్కడ పైకి లేచి, ఎగువన వీచే పొడి పడమటిగాలి కింద మేఘమై పేరుకుంటుంది. అక్కడి నుంచి వాన ఆగ్నేయంగా కదులుతూ పొద్దుగూకే వేళకు కోల్‌కతాను చేరుతుంది. వాయవ్యం నుంచి వస్తుంది కాబట్టే ఇంగ్లీషువాళ్లు దీన్ని నార్‌వెస్టర్ అన్నారు.

నదీమార్గాలే రహదారులైన కాలంలో పడవవాళ్లకు ఇది ప్రాణగండం. రైతుకు మాత్రం ఇదే అదను: ఔస్ వరి, జనుము విత్తనాలకు, అస్సాం తేయాకు చిగుళ్లకు తొలి తడి ఈ వానలదే. ఇంత మేలూ ఇంత కీడూ ఒక్క గంటలో చేసే వాన అరుదు.

1864లో కలకత్తాను ముంచిన తుఫాను తర్వాత వాతావరణ పరిశీలన ఊపందుకుంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడి, హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫోర్డ్ దాని తొలి అధిపతి అయ్యాడు. విమానయానం పెరిగాక ఈ గాలివానల ముందస్తు సూచన అత్యవసరమైంది. తర్వాత రాడార్లు వచ్చాయి. 2005లో మొదలైన 'స్టార్మ్' కార్యక్రమం తూర్పు, ఈశాన్య భారతంలో వీటి పుట్టుకను, నడకను ప్రత్యేకంగా పరిశీలించింది.