రామములగ విత్తనము

టమాటాకు తెలుగున రామములగ యను పేరు కలదు. ములక మన గట్లపై మొలచు ముళ్లమొక్క, వంగకు దాయాది. సముద్రము దాటి వచ్చిన చుట్టమును మనవారు ఆ కుటుంబములోనే చేర్చుకొనిరి. శాస్త్రజ్ఞులు మాత్రము చాలకాలము తేల్చుకొనలేదు. 1753లో లిన్నేయస్ దీనిని వంగ ప్రజాతియైన సొలానమున చేర్చగా, మరుసటి యేడే మిల్లర్ వేరు ప్రజాతి చేసెను. డి.ఎన్.ఏ. పరీక్షల పిమ్మట అది తిరిగి సొలానమునకే చేరినది. పల్లెవారి చూపు తప్పు కాలేదు!

ఆండీస్ పర్వతసీమ దీని జన్మస్థానము; సాగు పెరిగినది మెక్సికోలో. 1544 నాటికి ఇటలీలో మత్తియోలి దీనిని వర్ణించెను.

నాటు పండు పలుచని తోలు, గాట్లు, పులుపు గలది, దూరప్రయాణమునకు తాళదు. కాయగా నున్నప్పుడు దాని తొడిమ చుట్టును ముదురాకుపచ్చ మచ్చ యుండును. అంగడికి ఒకే రంగుగా పండు కాయలు కావలెనని ఆ మచ్చ లేని రకములను ఏరిరి. ఆ యెంపికలో పత్రహరితమును పెంచు జన్యువొకటి చెడినదనియు, దానితో పండులో చక్కెర తగ్గినదనియు 2012లో తేలినది.

తాండవ జలాశయము గల నాతవరము వంటి చోట పెరటిలో నాటు రకమును నిలుపుకొనుట కష్టము కాదు. పువ్వులో పుప్పొడితిత్తులు కీలమును గొట్టమువలె కప్పియుండుటచే చాలవరకు స్వపరాగసంపర్కమే జరుగును. కావున బిడ్డ తల్లిని పోలును. సంకరజాతి విత్తనమున కీ గుణము లేదు. బాగుగ పండిన కాయ గింజలను రసముతో రెండు మూడు దినములు పులియనిచ్చినచో మొలకను అడ్డు జిగురు విడిపోవును. కడిగి నీడన ఆరబెట్టి, తేమ తగులకుండ దాచినచో అవి కొన్నేండ్లు మొలచును.